మేస్త్రి రాసిన రెండు

కాలవ గట్టున ఉన్న ఆ నాలుగంతస్తుల మేడలో మెట్ల కింద ఒక నల్లబల్ల ఉండేది. బడిలో ఉండేంత పెద్దది కాదు, రెండు చేతులూ చాపితే అందేంత. దాన్ని చేసింది, నల్లరంగు పూసింది, గోడకి బిగించింది, రోజూ పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో రాసేది, అంతా ఒక్కడే. మేస్త్రి. వడ్రంగి మేస్త్రి. అసలు పేరు అతని పాస్‌పోర్టులో భద్రంగా ఉంది గానీ, ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు.

ఆ మేడలో ఉండేవాళ్ళంతా సముద్రం దాటి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. రేవులో క్రేను నడిపేవాళ్ళు, ప్యాకింగ్ షెడ్డులో డబ్బాలకి మూతలు బిగించే ఆడవాళ్ళు, హోటలు గదులు తుడిచేవాళ్ళు. అక్కడి భాష వాళ్ళకి పనికి సరిపడా వచ్చు. ఎత్తు, దించు, అక్కడ పెట్టు, రేపు సెలవు. ఇక్కడిదాకా బ్రహ్మాండంగా వచ్చు. టీవీలో ఒకాయన పటం ముందు నిలబడి గడగడా చదివే తుఫాను వార్తలు అర్థమయ్యేంత మాత్రం రాదు. ఫోన్లు లేవా అంటే, ఎందుకు లేవు, అందరికీ ఉన్నాయి. తుఫాన్ల కాలంలో అవి కీచుమని అరిచి, ఎర్రగా ఏదో రాసి చూపిస్తాయి. ఆ రాసిందేమిటో తెలిస్తేగా! అందుకని పొద్దున్నే మెట్లు దిగుతూ అందరూ బల్ల వంక ఒక చూపు చూసి పనికి పోయేవాళ్ళు.

బల్ల మీద ఒకే ఒక అంకె ఉండేది. దానికో కథ ఉంది.

మేస్త్రి పుట్టింది ఒక రేవు ఊళ్ళో. అక్కడ తుఫాను పట్టినప్పుడల్లా రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసేవాళ్ళు. మూడో నంబరు అంటే ముసలివాళ్ళు కూడా మంచం దిగరు. ఏడో నంబరు అంటే పడవలు ఒడ్డుకి లాగుతారు. పదో నంబరు అంటే ఇక దేవుడే దిక్కు. ఆ నంబర్లు అతనికి ఉగ్గుపాలతో వచ్చాయి. మేడలో సగంమంది అలాంటి ఊళ్ళవాళ్ళే, మిగతా సగానికీ రేడియోలో విని విని ఆ లెక్క వంటబట్టింది. ఈ దేశంలోనేమో తుఫానుకి ఇచ్చే నంబరు ఒకటి నుంచి అయిదు దాకానే. మేస్త్రి వచ్చిన కొత్తలో "మూడట, మూడే" అని అందరూ నవ్వుకుని నిద్రపోతే, తెల్లారేసరికి పైకప్పు రేకులు పక్క వీధిలో తేలాయి. అప్పుడు మేస్త్రి బుర్ర గోక్కుని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇక్కడ అయిదు దాకా, మన దగ్గర పది దాకా. కాబట్టి రెండుతో హెచ్చవేస్తే సరి! ఇక్కడి మూడు మన ఆరు. ఇక్కడి నాలుగు మన ఎనిమిది. అలా హెచ్చవేసి బల్ల మీద రాయడం మొదలుపెట్టాడు.

పదకొండేళ్ళు ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. ఆరు రాసినప్పుడు చెట్లు కూలాయి, నాలుగు రాసినప్పుడు కొమ్మలు విరిగాయి. దాంతో మేస్త్రికి 'నంబరు మేస్త్రి' అని పేరు పడిపోయింది. రేవులో క్రేను నడిపే మూడో అంతస్తు ఆయన, మేస్త్రిని వరసలేకపోయినా బావా అని పిలిచేవాడు, "బావ రాస్తేనే తుఫాను, లేకపోతే ఉత్త గాలి" అనేవాడు. మేస్త్రి పైకి "చాల్లేవయ్యా" అనేవాడు గానీ, లోపల ఆ మాట బాగానే తలకెక్కింది. కిందటేడు మూడుసార్లు టీవీ ఆయన వస్తోంది వస్తోందని ఊదరగొట్టాడు. మూడుసార్లూ షెడ్డులూ దుకాణాలూ మూశారు. మూడుసార్లూ తుఫాను సముద్రంలోనే పక్కకి తిరిగిపోయింది. "వాళ్ళు చెప్పేది జాతకాలమ్మా. మన బల్ల చూసుకుని బతకండి" అని మేస్త్రి మెట్ల మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. జనం తలూపారు. నిజం చెప్పాలంటే, ఊపడం తప్ప వాళ్ళకీ వేరే దారి లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టీవీ ఆయన మాటలు మేస్త్రికీ పూర్తిగా రావు. అతనికి చదివి పెట్టేది కూతురు. ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు వచ్చి అక్కడే చదువుకుంది, ఇప్పుడు ఒక మందుల దుకాణంలో పని చేస్తోంది. అక్కడి భాష నీళ్ళు తాగినంత సులువుగా మాట్లాడుతుంది. రోజూ పొద్దున్న ఆమె ఫోను తీసి వాతావరణ కబురు మొదటి నుంచి చదవబోతుంది. మేస్త్రి సుద్దముక్క పట్టుకుని, "ముందు నంబరు చెప్పు తల్లీ, మిగతా సోది తర్వాత" అంటాడు. ఆ తర్వాత అనేది ఏనాడూ రాలేదు.

ఆ ఏడాది తుఫాన్ల కాలం సగం గడిచాక, ఒక నీరసపు తుఫాను బయల్దేరింది.

"ఒకటి" అంది కూతురు.

"అంతేనా?" అన్నాడు మేస్త్రి. రెండుతో హెచ్చవేసి, బల్ల మీద గుండ్రంగా, తోక తిప్పి, 2 అని రాశాడు.

"నాన్నా, ఆగు. ఇంకా ఉంది. ఇది నడవట్లేదట. తీరం దగ్గరకొచ్చి అక్కడే కూర్చుంటుందట, రెండు రోజులు. వాన చాలా పడుతుందట. కాలవ పక్కనున్న లోతట్టు ఇళ్ళవాళ్ళు ముందే వెళ్ళిపోవాలని రాశారు."

"ఒకటో నంబరుకా?"

"నంబరు గాలికి నాన్నా. నీళ్ళకి కాదు."

మేస్త్రి చేతిలో సుద్దముక్క ఆగింది. మెట్ల మీద అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. క్రేనాయన చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. పదకొండేళ్ళుగా తను ఏ నంబరు మీద పెద్దరికం చేస్తున్నాడో, అది సగం సంగతే చెబుతుందని ఇరవయ్యేళ్ళ పిల్ల అందరి ముందూ అనేసరికి మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

"తుఫాన్లు నాకు నువ్వు నేర్పాలా? నేను పుట్టిందే తుఫాన్లో. మా అమ్మ నన్ను బడి అరుగు మీద కన్నది. నీళ్ళ సంగతి నాకు తెలీదా?"

"తెలుసు నాన్నా. కానీ వాళ్ళు రాసింది..."

"వాళ్ళు కిందటేడు కూడా రాశారు. ఏమైంది?"

అది నిజమే కదా. కిందటేడు ఏమీ కాలేదు. కూతురు ఫోను జేబులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. "పిల్లలు చదువుకుంటే ఇంతే బావా, మన చేతే ఓనమాలు దిద్దిస్తారు" అని క్రేనాయన నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ క్షణాన బల్ల మీద ఇంకొక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. 'నీళ్ళు జాగ్రత్త' అని. రాయలేదు. ఒకసారి రాస్తే రేపు అందరూ నంబరు కాకుండా వివరాలు అడుగుతారు, వివరాలు తనకి చదవడం రాదు. ఆ భయం ఒకటి లోపల ఎప్పుడూ ఉండేది, కూతురికి కూడా చెప్పుకోని భయం.

ఇక పిల్లలక్క గురించి. మేడ వెనకవైపు, పెరటి నేలకి రెండు మెట్లు దిగువన ఒక గది ఉంది. అందులో ఆమె పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునేది. ఆమె సొంత పిల్లలు పెద్దవాళ్ళయి ఎక్కడెక్కడో ఉన్నారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పొద్దున్న ఏడింటికి తలుపు తీస్తే సాయంత్రం ఆరు దాకా గది నిండా ఏడుపులు, నవ్వులు, తడి గుడ్డలు. ఆ రోజుల్లో తొమ్మిదిమంది ఉండేవాళ్ళు. అందరికన్నా చిన్నది ఏడాదిన్నర పిల్ల, పళ్ళు వస్తున్నాయని కనబడ్డవాళ్ళనల్లా కొరికేది. దానికి 'కొరుకుడు పిల్ల' అని బిరుదు. పిల్లలక్క చేతుల మీద ఎప్పుడూ రెండు మూడు పంటి గాట్లు ఉండేవి.

ఆమె గది తెరవాలా మూయాలా అన్నది బల్లే తేల్చేది. అయిదు దాటితే మూసేది. గది మూస్తే తొమ్మిదిమంది తల్లులు పని మానుకోవాలి, ప్యాకింగ్ షెడ్డువాళ్ళు ఒకటో నంబరుకి సెలవివ్వరు. అందుకని ఆమె ఆ సాయంత్రం ప్రత్యేకంగా వచ్చి మేస్త్రి తలుపు తట్టింది.

"తమ్ముడూ, రెండే కదా?"

"రెండే అక్కా. రెండో నంబరుకి మన ఊళ్ళో ఆరేసిన బట్టలు కూడా తియ్యరు."

"అయితే రేపు తెరుస్తాను. ఒక కిటికీ అద్దం పగిలి ఉంది, గాలికి పిల్లల మీద పడుతుందేమోనని."

"నేను లేనూ!" అన్నాడు మేస్త్రి. అప్పటికప్పుడు రెండు ప్లైవుడ్ బల్లలు కోసుకెళ్ళి, ఆమె గది కిటికీలు రెండింటికీ బయటి నుంచి బిగించాడు. ఒక్కో బల్లకి ఎనిమిది స్క్రూలు చాలిన చోట పదహారు వేశాడు. బల్లని అరచేత్తో చరిచి, "ఇక ఎంత గాలైనా రానీ, ఇది ఊడితే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. డబ్బులిస్తానంటే వద్దన్నాడు. పిల్లలక్క సంతోషంగా వెళ్ళి నిద్రపోయింది. తల్లులకి కబురు పంపింది, రేపు తెరిచే ఉంటుందని.

మర్నాడు గాలి లేదు. ఆకు కదలట్లేదు. వాన మాత్రం పడుతోంది. పెద్ద హోరేమీ కాదు, ఆగకుండా, ఒకే ధాటిన. మేస్త్రి గొడుగేసుకుని తను పనిచేసే దుకాణానికి వెళ్ళాడు. మెరక వీధిలో ఉంది అది, పాత కుర్చీలకీ బీరువాలకీ మరమ్మతులు చేసే చోటు. వెళ్తూ బల్ల వంక చూసి, "చూశావా, రెండే" అనుకున్నాడు. కూతురు ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళ దుకాణంవాళ్ళు కబురు మొత్తం చదివి మూసేశారట. అది విని కూడా మేస్త్రి వెటకారంగా ముక్కు చిట్లించాడే తప్ప వెనక్కి తిరగలేదు.

పదిన్నరకి ఒక కుర్చీ కాలికి జిగురు రాసి పట్టీ బిగిస్తున్నాడు. వీధిలో ఒక చెప్పు నీళ్ళలో తేలుతూ పోయింది. కాసేపటికి దాని జత కూడా పోయింది. మెరక వీధిలోనే ఇలా పారుతోందంటే కాలవ గట్టున సంగతేమిటి? ఆ ఆలోచన వచ్చేసరికి పట్టీ వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. అదే సమయానికి ఫోను మోగింది.

"నాన్నా, కాలవ పొంగింది. పెరట్లోకి వచ్చేసింది. పిల్లలత్త గది తలుపు తెరుచుకోవట్లేదు. బయటికి తెరిచే తలుపు కదా, నీళ్ళు నొక్కేస్తున్నాయి. నేనూ లాగాను, రావట్లేదు నాన్నా, లోపల పిల్లలు ఏడుస్తున్నారు."

"కిటికీ..." అన్నాడు మేస్త్రి, నోటి అలవాటుగా. కిటికీలు ఎలా ఉన్నాయో అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?

సంచిలో డ్రిల్లూ, ఒక ఇనప కడ్డీ పడేసుకుని పరిగెత్తాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఆ వానలో ఎలా పరిగెత్తాడో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా ఒక్కటే. దారి పొడుగునా నోట్లో లెక్క తిరిగింది. ఎనిమిది చాలిన చోట పదహారు, పదహారు రెండ్లు ముప్ఫై రెండు.

పెరట్లో తొడల దాకా నీళ్ళు. కూతురు తలుపు పిడి పట్టుకుని వేలాడుతోంది. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే పడుకున్న క్రేనాయన కూడా లుంగీ ఎగ్గట్టి దిగాడు. ఆయన నోట ఒక్క హాస్యమూ లేదు.

"అక్కా!" అని అరిచాడు మేస్త్రి, కిటికీ బల్లకి నోరు ఆనించి.

"తమ్ముడూ, నా నడుం దాకా వచ్చింది" అంది పిల్లలక్క లోపల్నుంచి. గొంతు నెమ్మదిగా ఉంది, పిల్లలు బెదరకూడదని అలా పెట్టుకుంది. "అందర్నీ అలమర మీదా బల్ల మీదా కూర్చోబెట్టాను. చిన్నది చంకలో ఉంది. కరెంటు పోయింది. చీకటిగా ఉంది. తొందరగా రా."

మేస్త్రి పై వరస స్క్రూలు డ్రిల్లుతో విప్పాడు. ఆరు వచ్చాక డ్రిల్లు తడిసి ఆగిపోయింది. మిగతావి చేత్తో తిప్పాడు. కింది వరస నీళ్ళలో ఉంది, కనిపించట్లేదు, వేళ్ళతో తడిమి తడిమి పట్టుకోవాలి. ఇంత గట్టిగా ఎందుకు బిగించావురా అని తనని తాను తిట్టుకున్నాడు. పైకే తిట్టుకున్నాడు, కూతురు వింటోందని కూడా చూడలేదు. చివరికి ఇనప కడ్డీ దూర్చి, క్రేనాయనా తనూ కలిసి వేలాడితే, బల్ల చెక్క చీలుకుంటూ ఊడొచ్చింది. ఇది ఊడితే పేరు మార్చుకుంటానన్న బల్ల.

మొదట కనబడింది కొరుకుడు పిల్ల మొహం. పిల్లలక్క దాన్ని రెండు చేతుల్తో పైకెత్తి కిటికీలోంచి అందించింది. మేస్త్రి అందుకుని గుండెకి హత్తుకున్నాడు. అది అతని భుజం మీద కసుక్కున కొరికింది. అతనికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. కొరికిందంటే బాగానే ఉంది.

ఊడిన బల్లనే పల్లకీలా చేసి, కూతురు ఒక పక్కా క్రేనాయన ఒక పక్కా పట్టుకుని, ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టి మెట్ల దాకా మోశారు. అయిదు విడతలు. పిల్లలు మొదటి రెండు విడతలు ఏడ్చారు, మూడో విడత నుంచి అదేదో ఆట అనుకున్నారు. ఒకడు దిగి మళ్ళీ ఎక్కుతానని పేచీ పెట్టాడు. అందరికన్నా ఆఖర్న పిల్లలక్క వచ్చింది. ఆమె భారీ మనిషి, కిటికీలో ఇరుక్కుంది. "లాగు తమ్ముడూ, సిగ్గుపడకు" అంది. లాగారు. ఆమె బయటికొచ్చాక లోపల అలమర మెల్లగా పక్కకి ఒరిగి నీళ్ళలో పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

రెండో అంతస్తు మెట్ల మీద పిల్లల్ని పొడి దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టారు. కూతురు ఒక్కొక్కర్నీ వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది. మూడోసారి కూడా లెక్కపెట్టి, అప్పుడు గోడకి ఆనుకుని ఏడ్చింది. మేస్త్రి ఆమె దగ్గరకి వెళ్ళబోయి ఆగిపోయాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

పిల్లలక్క మెట్టు మీద కూర్చుని చీర కొంగు పిండుకుంటోంది. తిట్టలేదు. అరవలేదు. తల ఎత్తి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నువ్వు రెండు అన్నావు కదా తమ్ముడూ? అందుకే తలుపు తీశాను."

అతను ఏం చెబుతాడు? నీళ్ళ సంగతి ముందురోజు పొద్దున్నే చెప్పారని, తనే విననివ్వలేదని. చెప్పాడు. తలొంచుకుని, మెట్ల మీద ఉన్న అందరూ వింటుండగా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. "నంబరు గాలికేనట అక్కా. మా అమ్మాయి చెప్పింది. నాకు అహం అడ్డొచ్చింది" అన్నాడు. పిల్లలక్క కొరుకుడు పిల్లని దగ్గరకి లాక్కుని కళ్ళు మూసుకుంది. ఆ మౌనం కన్నా నాలుగు తిట్లు తిని ఉంటే బాగుండేదని మేస్త్రి ఆ తర్వాత చాలా రోజులు అనుకున్నాడు.

తల్లులు వచ్చారు, నీళ్ళు ఈదుకుంటూ. పిల్లల్ని చూసుకున్నారు, ఏడ్చారు, నవ్వారు. ఇద్దరు మేస్త్రికి దండం కూడా పెట్టారు, కాపాడావని. ఆ దండాలు అతనికి ముళ్ళలా గుచ్చుకున్నాయి.

నీళ్ళు మూడోరోజుకి తీశాయి. నల్లబల్ల మీద రెండు చెరిగిపోయింది, కానీ బురద చార మాత్రం మనిషి నడుమెత్తున గోడంతా గీసినట్టు మిగిలింది. మేస్త్రి ఆ నెలంతా సాయంత్రాలు పిల్లలక్క గదిలోనే పనిచేశాడు. కొత్త అలమర చేశాడు. తలుపు లోపలికి తెరుచుకునేలా మార్చాడు. కిటికీ బల్లలకి స్క్రూలు తీసేసి, లోపల్నుంచి ఒక్క చేత్తో లాగితే వచ్చే గడియలు పెట్టాడు. అయిదు సార్లు పిల్లలక్క చేత తీయించి చూశాడు. ఆమె అయిదు సార్లూ మాట్లాడకుండా తీసింది, వేసింది. కానీ బల్ల మీద మాత్రం అతను ఏమీ రాయలేదు. సుద్దముక్క జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే వేసుకునేవాడు. "నంబరేది బావా?" అని క్రేనాయన అడిగితే, "నాకు తెలీదు" అని పక్కకి తప్పుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం కూతురి ముందు కూర్చుని, "ఆ తుఫాను పటం చూపించు తల్లీ" అన్నాడు. పటంలో తుఫాను దగ్గర సన్నగా మొదలై, ముందుకి పోను పోను వెడల్పవుతున్న తెల్లటి మేర ఒకటి ఉంది. పదకొండేళ్ళుగా అది తుఫాను ఎంత లావవుతుందో చూపించేదే అనుకున్నాడు మేస్త్రి.

"కాదు నాన్నా. ఎక్కడికి పోతుందో వాళ్ళకి ఎంత తెలీదో, అంత వెడల్పు. రేపటిది కొంచెం తెలుసు కాబట్టి సన్నం. అయిదో రోజుది తెలీదు కాబట్టి అంత లావు."

మేస్త్రి ఆ తెల్ల మేర మీద చివరిదాకా వేలు జరిపాడు. తెలీనిదాన్ని కూడా దాచకుండా, అంత పెద్దగా, తెల్లగా గీసి ఊరందరికీ చూపిస్తున్నారా వీళ్ళు? తను పదకొండేళ్ళలో ఒక్కసారి తెలీదని అన్నాడా? కిందటేడు మూడుసార్లు పక్కకి తిరిగిన తుఫాను ఆ తెల్ల మేరలోనే తిరిగింది. వాళ్ళు రావచ్చు అన్నారు. వస్తుందని తీర్మానించిందీ, రాలేదని నవ్విందీ తనూ తన జనమూ. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి తొమ్మిదిమంది పిల్లలు నీళ్ళలో నానాల్సి వచ్చిందా అని అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూతురు చూసింది. చూడనట్టు ఫోను వైపు తిరిగింది.

తుఫాన్ల కాలం ముగియబోతుండగా ఇంకో తుఫాను బయల్దేరింది. ఈసారి మేస్త్రి బల్ల ముందు నిలబడి, కూతురు చదువుతుంటే పదమూడు వరసలు రాశాడు. గాలి ఎంత, వాన ఎంత, కాలవ పొంగవచ్చా, ఎప్పుడు, ఎంత నమ్మకం. 'పదిమందిలో ఆరుగురు వస్తుందంటున్నారు అనుకోండి, నలుగురు రాదంటున్నారు' అని కూడా రాశాడు. చోటు చాలక ఆఖరి వరస గోడ మీదికి పోయింది.

"ఏంటి బావా ఈ రామాయణం? పనికి లేటవుతోంది, నంబరు చెప్పు" అన్నాడు క్రేనాయన.

"చదువు" అన్నాడు మేస్త్రి. "చదవకుండా మెట్లు దిగనివ్వను."

పిల్లలక్క వచ్చి, చేతిలో తాళంచెవి పట్టుకుని, పెదాలు కదుపుతూ పదమూడు వరసలూ చదివింది. రెండోసారి చదివింది. తల్లులు ఆమె మొహం వంక చూస్తున్నారు. "రేపు మూసేస్తున్నాను" అంది. ఒకరిద్దరు గొణిగారు. అయినా మానుకున్నారు.

మర్నాడు తుఫాను రాలేదు. పక్కకి తిరిగి సముద్రం మీదికి పోయింది. వాన చినుకు పడితే ఒట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ విరగకాసింది.

ఆ రోజంతా మేస్త్రి తల ఎత్తుకోలేకపోయాడు. తొమ్మిదిమంది పని పోగొట్టాను. ఇక ఎవరూ నమ్మరు. నమ్మకపోతే, నిజంగా వచ్చిన రోజు? ఆ మర్నాడు పొద్దున్న మెట్లు దిగి, బల్ల మీద పాత రాతంతా తడిగుడ్డతో తుడిచేశాడు. తుడిచి, సుద్దముక్క జేబులో వేసుకుని, ఎవరూ రాకముందే వెళ్ళిపోదామనుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి పిల్లలక్క నిలబడి ఉంది. ఆమె వెనక పిల్లల్ని చంకనేసుకుని తల్లులు.

"నిన్న ఏమీ రాలేదు అక్కా" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

"అవును. ఎండ బాగా కాసింది. పిల్లల దుప్పట్లన్నీ ఉతుక్కున్నాను" అంది ఆమె. తర్వాత ఖాళీ బల్ల వంక చూసింది. "ఈరోజుది ఏది?"

"రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

కొరుకుడు పిల్ల వాళ్ళమ్మ భుజం మీదనుంచి అతని చొక్కా పట్టుకుని లాగుతోంది.

పిల్లలక్క తాళంచెవి కొంగున ముడేసుకుని, మెట్టు మీద చతికిలబడింది. "నువ్వు రాస్తావు, నేను చదువుతాను, అప్పుడు తెరవాలో మానాలో చూస్తాను. నువ్వు రాసేదాకా ఈ తాళం తియ్యను తమ్ముడూ. వీళ్ళందరికీ పనికి టైమవుతోంది, తొందరగా కానీ."

ఆ దుర్ఘటన తర్వాత ఆమె అతనితో అన్ని మాటలు ఒక్కసారిగా అనడం అదే మొదలు. మేస్త్రి పైకి తలెత్తి కూతుర్ని కేకేశాడు. ఆమె తడి జుట్టు తుడుచుకుంటూనే ఫోను పట్టుకుని దిగొచ్చింది. అలవాటు కొద్దీ, "నంబరు నాన్నా..." అని మొదలుపెట్టింది.

మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీశాడు.

"మొదటి నుంచి చదువు తల్లీ" అన్నాడు. "నంబరు ఆఖర్న చూద్దాం."